పీసీ స్ట్రాటజీ గేమ్‌ను కన్సోల్‌కి తేవాలంటే బటన్ల సంగతి చివర్లో చూడండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: చిన్న టీమ్, పీసీలో రియల్ టైమ్ స్ట్రాటజీ గేమ్ (వంతులు, అంటే టర్న్‌లు లేకుండా ఆగకుండా సాగే యుద్ధ వ్యూహాల ఆట) విడుదల చేశారు, బాగానే ఆడుతున్నారు. ఇప్పుడు పబ్లిషర్ పీఎస్5కి, ఎక్స్‌బాక్స్‌కి తెమ్మంటున్నారు, వీలైతే స్విచ్‌కి కూడా. కంట్రోలర్ ఎడమ స్టిక్‌తో కర్సర్ కదిలేలా చేసి, కీబోర్డ్ షార్ట్‌కట్లన్నీ బటన్ కాంబినేషన్లకి ఇచ్చేస్తే మూడు నెలల్లో పని అయిపోదా?

అవ్వదు బ్రదర్. మూడు నెలల్లో ఏదో ఒకటి తయారవుతుంది, స్టోర్‌లో పెట్టొచ్చు కూడా, కానీ కొన్నవాళ్లు రెండో మిషన్ దాకా వెళ్లరు. నేను చాలా ఏళ్లుగా గేమ్ యూఐ (తెర మీది మెనూలు, ప్యానెళ్లు) పనిలోనే ఉన్నాను, అందులో ఎక్కువ భాగం ఇలా పీసీ నుంచి కన్సోల్‌కి వచ్చే ఆటలే. ప్రతి టీమూ మొదట అడిగే ప్రశ్న ఇదే, బటన్లు సరిపోతాయా అని. బటన్లు సరిపోతాయి. సరిపోనిది వేరే ఉంది.

మౌస్‌ది చేతితో నేరుగా చూపించే పద్ధతి. స్క్రీన్ ఈ మూల నుంచి ఆ మూలకి మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు, కర్సర్ అక్కడుంటుంది. స్టిక్ అలా కాదు, అది చోటు చెప్పదు, వేగం మాత్రమే చెబుతుంది. వేగం పెంచితే గురి దాటి పోతుంది, తగ్గిస్తే స్క్రీన్ దాటడానికే సెకన్లు పడుతుంది. 1954లో పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్ట్ తేల్చిన లెక్క ఒకటుంది, గురి ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే దాన్ని అందుకోవడానికి అంత టైమ్ పడుతుందని. మౌస్‌కీ ఈ లెక్క వర్తిస్తుంది, కానీ స్టిక్‌కి వచ్చేసరికి ఆ ధర బాగా పెరిగిపోతుంది. మీ పీసీ గేమ్‌లో మూలన ఉన్న మినీమ్యాప్ (మొత్తం మైదానానికి చిన్న పటం), కింద పన్నెండు చిన్న ఐకాన్ల ప్యానెల్, ఇవన్నీ మౌస్ ఉచితంగా ఇచ్చిన గురి మీద బతుకుతున్నాయి. కన్సోల్‌లో ఆ గురికి డబ్బు కట్టాలి, ప్రతిసారీ.

కాబట్టి మొదటి వారం కోడ్ ముట్టుకోవద్దు. మీ ఆట బాగా వచ్చినవాళ్లని ఒకరిద్దరిని కూర్చోబెట్టి, మధ్యలో ఒక పది నిమిషాల ఆట రికార్డ్ చేసి, ప్రతి క్లిక్‌నీ రాసుకోండి. యూనిట్‌ని (సైనికుడు, ట్యాంక్, కూలీ లాంటిది) ఎంచుకోవడానికి ఎన్ని, ఆర్డర్ ఇవ్వడానికి ఎన్ని, ప్యానెల్ మీద ఎన్ని, కెమెరా కదపడానికి ఎన్ని, ఊరికే అలవాటుగా కొట్టినవి ఎన్ని. ఈ చివరివి మీరు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ ఉంటాయి, పరిగెత్తే సైన్యానికి ఒకే చోట పదిసార్లు రైట్ క్లిక్ కొట్టడం లాంటివి. వాటిని వదిలేసి మిగతావి చూడండి: ఈ క్లిక్ వెనక నిజంగా ఒక నిర్ణయం ఉందా, లేక ముందే తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేసే కూలి పనా? కూలి పని అయితే దాన్ని ఆటే చేసుకోవాలి. నిర్ణయం అయితే అది ఆటగాడికి గురి పెట్టకుండా అందాలి. మీ పోర్ట్ (ఆటని ఇంకో మెషీన్‌కి తేవడం) పనంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది, కంట్రోల్ స్కీమ్ అనేది ఆ తర్వాత రాసుకునే కాగితం.

పాత ఆటలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సెగా మెగా డ్రైవ్ కన్సోల్ మీద 1989లో వచ్చిన హెర్జోగ్ ట్స్వాయ్‌లో అసలు కర్సరే లేదు, ఆటగాడే ఎగిరే యుద్ధ రోబో, ట్యాంక్‌ని తనే మోసుకెళ్లి దించి రావాలి. నింటెండో 2001లో తెచ్చిన పిక్మిన్‌లోనూ దాదాపు అంతే, కర్సర్ కమాండర్ బొమ్మతోనే కదులుతుంది. ఇవి పుట్టడమే కంట్రోలర్ కోసం పుట్టాయి, అందుకే వాటిలో మనకి గొడవ కనిపించదు. అసలు గొడవ పీసీ ఆటలతో మొదలైంది. వెస్ట్‌వుడ్ వాళ్ల డ్యూన్ 2 పీసీకి 1992లో వస్తే, మెగా డ్రైవ్‌కి 1994లో వచ్చింది. అక్కడ పక్కన ఎప్పుడూ ఉండే కమాండ్ ప్యానెల్‌ని తీసేసి, బిల్డింగ్ మీద నొక్కితే నిర్మాణాల లిస్ట్ విడిగా వచ్చేలా చేశారు. తెలివైన పని. పీసీ డ్యూన్ 2లో ఎలాగూ ఒకసారికి ఒకే యూనిట్‌ని ఎంచుకోగలం కాబట్టి వాళ్లకి కలిసొచ్చింది కూడా.

ఆ తర్వాత వచ్చినవాళ్లు తప్పించుకున్నారు. కమాండ్ అండ్ కాంకర్ ప్లేస్టేషన్‌కి వచ్చినప్పుడు ప్లేస్టేషన్ మౌస్ సపోర్ట్ పెట్టారు, పీఎస్2లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ తగిలించుకోవచ్చు అన్నారు. అంటే సోఫాలో కూర్చున్న మనిషికి ఒక టేబుల్ కొనుక్కోమని సలహా ఇచ్చినట్టే. స్టార్‌క్రాఫ్ట్ 64 మాత్రం 2000లో ధైర్యం చేసి దాదాపు మొత్తం ఆటని నింటెండో 64 కంట్రోలర్‌కి ఎక్కించింది, ఒకే టీవీ మీద స్ప్లిట్ స్క్రీన్ కూడా ఇచ్చింది. పనిగా గొప్పదే. కానీ అప్పట్లో అమీర్‌పేట నెట్ కేఫ్‌ల్లో స్టార్‌క్రాఫ్ట్ ఆడినవాళ్లెవరికైనా ఆ ప్యాడ్ చేతికిస్తే ఐదు నిమిషాల్లో వెనక్కి ఇచ్చేస్తారు, ఎందుకంటే ఆట వేగం మౌస్ కోసం కొలిచిందే, చేతిలో పరికరం మాత్రం మారింది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలింది, మీరు ఎంచుకోవాల్సిందీ వీటిలోనే.

ఒక దారి కోసెయ్యడం. హేలో వార్స్ (2009) దానికి మంచి ఉదాహరణ. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ చేసిన ఎన్సెంబుల్ స్టూడియోస్ వాళ్లే చేశారు. ముందు తమ పాత ఆట ఏజ్ ఆఫ్ మైథాలజీని కంట్రోలర్‌తో ఆడించి చూసి, ఎక్కడ చెయ్యి ఆగిపోతోందో గమనించి, ఆ తర్వాత కొత్త ఆట కట్టుకున్నారు. బేస్ ఎక్కడ పడితే అక్కడ కట్టడం కుదరదు, కట్టాల్సిన స్లాట్లు ముందే ఉంటాయి. కట్టెలు కొట్టే కూలీలు లేరు, సప్లై ప్యాడ్ కడితే సరుకు దానంతటదే వస్తుంది. ఒక బంపర్ (కంట్రోలర్ పైఅంచున ఉండే బటన్) నొక్కితే మొత్తం సైన్యం, ఇంకో బంపర్ నొక్కితే స్క్రీన్ మీద కనిపించే సైన్యం సెలెక్ట్ అవుతుంది. గమనించండి, సైన్యాన్ని పిలవడానికి రెండింట్లోనూ గురి పెట్టే పనే లేదు. పీసీ అభిమానులు లోతు లేదని తిట్టారు, అందులో కొంత నిజముంది, కానీ చేతికి మాత్రం ఏ అడ్డూ తగల్లేదు. తిట్టినవాళ్లు కోరుకున్న కంట్రోల్ గ్రూపులు (ముందే గుంపు కట్టి ఒక్క బటన్‌తో పిలిచే సైన్యాలు) 2017లో రెండో భాగంలో వచ్చాయి. అదే కాలంలో యుబిసాఫ్ట్ షాంఘై వాళ్లు ఎండ్‌వార్ (2008)లో ఇంకో వింత ప్రయత్నం చేశారు, మైక్‌లో "ఎవరు, ఏం చేయాలి, ఎవరి మీద" అని చెబితే యూనిట్లు కదిలేవి. నాకు చాలా ఇష్టం ఆ ఆలోచన, గురి సమస్యని నోటితో దాటేశారు. ఇంట్లో అందరూ టీవీ చూసే హాల్లో కూర్చుని శత్రువు మూడు మీద దాడి అని అరవడం ఎంతమందికి కుదురుతుందనేది వేరే సంగతి.

రెండో దారి కొయ్యకుండా ఆటకే అప్పగించడం. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ 2023 జనవరిలో ఎక్స్‌బాక్స్‌కి వచ్చినప్పుడు ఆటలోంచి పెద్దగా ఏమీ తీయలేదు. నాగరికతలు అవే, టెక్ ట్రీ (దేని తర్వాత ఏ టెక్నాలజీ అనే వరస) అదే. ముఖ్యంగా మార్చింది ఒకటే, ఊరి జనం ఏ పని ఎంతమంది చేయాలో ఒక ప్రాధాన్యం పెట్టేస్తే వాళ్లే సర్దుకుంటారు. పది మందిని పొలాలకి, ఆరుగురిని బంగారానికి అని ఒక్కొక్కరి మీద కర్సర్ పెట్టి తిప్పక్కర్లేదు. తిండికి ఎక్కువ, బంగారానికి ఎక్కువ అనే నిర్ణయం మాత్రం ఆటగాడి చేతిలోనే ఉంది. నిర్ణయానికీ కూలి పనికీ తేడా అన్నాను కదా, ఇదే. ఇంకో ముచ్చట ఏంటంటే, 2024లో వచ్చిన ఏజ్ ఆఫ్ మైథాలజీ రీటోల్డ్‌లో ఆ సౌకర్యాన్ని పీసీ వాళ్లకీ ఇచ్చారు. కన్సోల్ కోసం చేసిన మంచి మార్పు పీసీకి తిరిగొస్తుంది, ఈ మాట మీ పబ్లిషర్‌కి బడ్జెట్ అడిగేటప్పుడు పనికొస్తుంది.

మీ ఆట గురించి రాసినదాన్ని బట్టి మీకు రెండో దారే నప్పుతుందని నా అభిప్రాయం. ఇప్పటికే పీసీలో ఆడేవాళ్లున్నారు, అదే ఆట తమ్ముడి ఎక్స్‌బాక్స్‌లో వేరేలా ఉంటే ఒప్పుకోరు. కానీ ఒక్కటి మాత్రం కోసెయ్యండి, విడి సైనికుల్ని. బ్యాటిల్ ఫర్ మిడిల్ ఎర్త్‌లోనూ కంపెనీ ఆఫ్ హీరోస్‌లోనూ ఉన్నట్టు కొంతమందిని ఒక దళం చేసేస్తే, ఒకడి మీద నొక్కినా దళం మొత్తం వస్తుంది. ఎంపికల సంఖ్య ఒక్క దెబ్బతో పడిపోతుంది, మీ బ్యాలెన్స్ (పక్షాల బలాబలాల లెక్క) కొంచెం చెడుతుంది, అది సరిచేసుకోవచ్చు.

ఇక చేతి పని. కర్సర్‌ని స్క్రీన్ అంతా తిప్పనివ్వొద్దు, మధ్యలో పాతేసి కింద ప్రపంచాన్ని కదపండి. అప్పుడు కెమెరా, కర్సర్ రెండు వేర్వేరు పనులు కాకుండా ఒకటే పని అవుతాయి. దానికి కాస్త అయస్కాంతం పెట్టండి, యూనిట్ దగ్గరికి రాగానే కర్సర్ నెమ్మదించి అతుక్కునేలా. ఇక్కడ అందరూ ఇరుక్కునే చోటొకటుంది: యుద్ధం మధ్యలో మన వాళ్లు, శత్రువులు ఒకరి మీద ఒకరు ఉన్నప్పుడు అయస్కాంతం ఎవరికి అతుక్కోవాలి? సైన్యం చేతిలో ఉంటే ముందు శత్రువుకి, చేతిలో ఎవరూ లేకపోతే ముందు మన వాళ్లకి. ఈ ఒక్క నియమం పెట్టని ఆటలో పది శాతం వేగం తగ్గించినా పెంచినా ఆటగాడికి "కంట్రోల్స్ బాలేవు" అనే అనిపిస్తుంది, ఎందుకో అతనూ చెప్పలేడు. టెస్టింగ్ రిపోర్ట్‌లో ఆ మాట కనిపిస్తే సెన్సిటివిటీ స్లైడర్ జోలికి పోకుండా ముందు దీన్ని చూడండి.

బాక్స్ గీసి సెలెక్ట్ చేయడం మర్చిపోండి. బటన్ పట్టుకుని తిరిగితే తగిలినవాళ్లందరూ చేరేలా, రెండుసార్లు నొక్కితే అదే రకం వాళ్లంతా వచ్చేలా చేయండి, డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) మీద నాలుగు గ్రూపులు పెట్టండి. "మొత్తం సైన్యం" బటన్‌లో మాత్రం కూలీలు, స్కౌట్లు రాకూడదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ ఒకసారి ఆ బటన్ నొక్కి మొత్తం ఆర్థిక వ్యవస్థని శత్రువు కోట మీదికి నడిపించిన ఆటగాడు మళ్లీ ఆ బటన్ ముట్టడు.

రేడియల్ మెనూ (చక్రంలా చుట్టూ ముక్కలుండే మెనూ) గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతా. స్టిక్‌కి చోటు చెప్పడం చేతకాదు, దిక్కు చెప్పడం మాత్రం చాలా బాగా వచ్చు, అందుకే గుండ్రటి మెనూ దానికి అతికినట్టు సరిపోతుంది. గోర్డన్ కర్టెన్‌బాక్, బిల్ బక్స్‌టన్ అనే పరిశోధకులు 1990ల మొదట్లోనే టొరంటోలో ఇలాంటి మెనూల మీద చాలా పని చేశారు. చుట్టూ ముక్కలు పెరిగేకొద్దీ, లోపల పొరలు పెరిగేకొద్దీ తప్పులు పెరుగుతాయి. నా లెక్కలో ఎనిమిది ముక్కలు, రెండు పొరలు, అంతే. మీ ఆటలో పద్నాలుగు భవనాలున్నాయి, ఎలా అంటే, ఆర్థికానికి ఒకటి, యుద్ధానికి ఒకటి అని రెండు చక్రాలు చేసి రెండు ట్రిగ్గర్లకి ఇవ్వండి, మూడో పొర మాత్రం వద్దు. దీనికన్నా ముఖ్యం, ఏ ముక్క ఎక్కడుందో ఎప్పటికీ అక్కడే ఉండాలి. పోపులపెట్టెలో ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో అమ్మ చూసి తీయదు కదా, చెయ్యి దానంతటది వెళ్తుంది. ఇంకా అన్‌లాక్ కాని భవనం ఉంటే దాన్ని బూడిద రంగులో అక్కడే ఉంచండి, తీసేసి మిగతావాటిని సర్దారంటే ఆటగాడు అరగంటలో నేర్చుకున్నదంతా పోయినట్టే. మా దగ్గరికి వచ్చే పోర్టుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. ప్రోగ్రామర్‌కి ఖాళీ ముక్క చూస్తే ప్రాణం ఒప్పదు.

మౌస్‌తో పాటు పోయేది ఇంకోటి ఉంది, హోవర్. పీసీలో ఏ ఐకాన్ మీద కర్సర్ పెట్టినా వివరం వచ్చేస్తుంది, మనం దాని మీద ఎంత ఆధారపడ్డామో ఆలోచించం. టర్న్ ఆధారంగా గానీ, పాజ్ చేసుకుంటూ గానీ ఆడే ఆటలకి కన్సోల్‌లో చెయ్యి సమస్య దాదాపు ఉండదు, ఈ చదివే సమస్యే ఉంటుంది. స్టెల్లారిస్ 2019లో, క్రూసేడర్ కింగ్స్ 3 2022లో కన్సోల్‌కి వచ్చినప్పుడు అసలు పనంతా ఇక్కడే. కిటికీలో కిటికీ, టూల్‌టిప్‌లో (కర్సర్ పెడితే వచ్చే వివరాల పెట్టె) ఇంకో టూల్‌టిప్ ఉండే ఆటల్ని ఎడమ, కుడి, పైన, కింద అనే నాలుగు కదలికలకి దించాలి. మీ మెనూలకీ ఒక నియమం పెట్టుకోండి: బంపర్లతో ట్యాబ్ మారాలి, డీ-ప్యాడ్‌తో లిస్ట్ కదలాలి, వెనక్కి అనే బటన్ ప్రతిచోటా సరిగ్గా ఒక్క అడుగే వెనక్కి తీసుకెళ్లాలి. పీసీలో హోవర్‌తో చూపించిన ప్రతి వాక్యానికీ తెర మీద ఒక స్థిరమైన చోటు వెతకాలి, చోటు దొరకని వాక్యం అవసరమా అని కూడా అడగాలి.

చోటు అంత తేలిగ్గా దొరకదు, ఎందుకంటే అక్షరాలు పెద్దవవుతాయి. ఎక్స్‌బాక్స్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ప్రకారం 1080పీ తెర మీద అక్షరాల సైజు కన్సోల్‌కి కనీసం 26 పిక్సెల్స్ ఉండాలి, పీసీకి 18 చాలు. 26ని 18తో భాగించి ఊరుకోవద్దు, పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి కాబట్టి అదే ప్యానెల్‌లో సగం సమాచారమే పడుతుంది. తెలుగు, హిందీ యూఐ ఎప్పటికైనా పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే వరసల మధ్య ఎడం ఎక్కువ ఉంచండి, కింద ఒత్తులూ పైన గుడులూ ఇంగ్లిష్ కోసం కొలిచిన పెట్టెలో తెగిపోతాయి. టెస్ట్ చేసేటప్పుడు మానిటర్ ముందు కాదు, ఎవరింట్లోనైనా హాల్లో గోడకున్న మామూలు టీవీకి పెట్టి సోఫాలోంచి చదవండి.

సమయం గురించి. కంపెనీ ఆఫ్ హీరోస్ 3లో పూర్తిగా ఆపేసి ఆర్డర్లు వరసగా ఇచ్చే సౌకర్యం ఉంది, దాని కన్సోల్ వెర్షన్ 2023 మేలో వచ్చింది. క్యాంపెయిన్‌లో ఇలాంటిది ఉంటే కొత్తవాళ్ల టెన్షన్ సగం పోతుంది. మీరు కనీసం రేడియల్ తెరిచినప్పుడు ఆట నెమ్మదించేలానైనా చేయండి. ఆన్‌లైన్‌లో ఇది కుదరదు, అక్కడ కంట్రోలర్ వాళ్లని కంట్రోలర్ వాళ్లతోనే కలపాలి, మౌస్ వాళ్లతో ఆడాలా వద్దా అనేది వాళ్ల ఇష్టానికి వదలాలి.

కొయ్యడం అంటే ఆటని పాడు చేయడమే అని మీ డిజైనర్ అంటున్నాడని రాశారు. అతనికి ఎక్స్‌కామ్ ఎనిమీ అన్‌నోన్ (2012) ఆడించండి. 1994 నాటి అసలు ఆటలో ప్రతి సైనికుడికీ టైమ్ యూనిట్ల లెక్క ఉండేది, అడుగుకి ఇన్ని, తూటాకి ఇన్ని అని. ఫిరాక్సిస్ దాన్ని తీసేసి ఒక్కో టర్న్‌కి రెండు పనులు అని పెట్టింది, పీసీకీ కన్సోల్‌కీ ఒకేసారి ఇచ్చింది. పాత అభిమానుల్లో కొందరు ఇప్పటికీ గొణుగుతారు, కానీ ఆ తర్వాత వచ్చిన టర్న్ బేస్డ్ ఆటలు ఎన్నో ఆ రెండు పనుల పద్ధతినే పట్టుకున్నాయి.

హార్డ్‌వేర్ విషయం క్లుప్తంగా చెప్పేస్తా. స్ట్రాటజీ ఆటల్లో గ్రాఫిక్స్ కన్నా సీపీయూ ముందు చేతులెత్తేస్తుంది, దారి వెతకడం, ఏఐ ఆలోచించడం అన్నీ దాని నెత్తినే. పీఎస్5 తరం కన్సోల్‌లలో ఆ భయం తక్కువ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో మాత్రం మొత్తం మెమరీ 10 జీబీయే కాబట్టి దాని మీదే మొదటి నుంచీ కొలవండి. పీఎస్4 జోలికి వెళ్లొద్దు, 1.6 గిగాహెర్ట్జ్ కోర్ల మీద మీ చివరి అరగంట యుద్ధం స్లైడ్ షో అవుతుంది. టెస్ట్ కోసం ఎప్పుడూ ఆట చివరి దశ సేవ్ ఫైలే వాడండి, మొదటి పది నిమిషాలు ఏ మెషీన్‌లోనైనా నున్నగానే ఉంటుంది.

షెడ్యూల్‌లో సర్టిఫికేషన్‌కి, అంటే కన్సోల్ కంపెనీలు ఆటని పరీక్షించి ఆమోదించడానికి, చోటుంచండి. కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే ఆట ఆగి అడగాలి, కన్సోల్ స్లీప్‌లోకి వెళ్లి లేచినా ఆట కొనసాగాలి, యూజర్ మారితే సేవ్‌లు కలిసిపోకూడదు, ఇలాంటివన్నీ చూస్తారు. ప్యాచ్‌లకీ ఆమోదం కావాలి కాబట్టి పీసీలో శుక్రవారం రాత్రి హాట్‌ఫిక్స్ వదిలే అలవాటు ఇక్కడ చెల్లదు, క్రాస్‌ప్లే (పీసీ వాళ్లు, కన్సోల్ వాళ్లు కలిసి ఆడటం) పెడితే రెండు వైపులా ఒకే వెర్షన్ ఉండాలని కూడా గుర్తుంచుకోండి.

మొత్తం ఎంత కాలం? ఐదుగురితో, పీసీ అప్‌డేట్లు చూసుకుంటూ, తొమ్మిది నెలలు అడగండి. మొదటి రెండు నెలల్లో ఒకే మ్యాప్, ఒకే నాగరికత, అసలు బొమ్మలు కూడా అక్కర్లేదు, బూడిద పెట్టెలతో సెలెక్షన్, ఆర్డర్, రేడియల్ మాత్రమే చేసి, స్ట్రాటజీ ఆటలు ఎప్పుడూ ఆడని, ఫీఫా ఆడే కుర్రాళ్ల చేతికివ్వండి. వాళ్లు మినీమ్యాప్ వైపు చూడకుండా, మిమ్మల్ని ఏమీ అడగకుండా ఒక మ్యాచ్ పూర్తి చేస్తే మిగతా ఏడు నెలల పని మొదలుపెట్టొచ్చు. కన్సోల్‌లోనూ కీబోర్డ్, మౌస్ సపోర్ట్ పెట్టండి, పీఎస్5, ఎక్స్‌బాక్స్ రెండూ ఒప్పుకుంటాయి, పని కూడా కొంచెమే. పబ్లిషర్ మీటింగ్‌లో మాత్రం దాన్ని పరిష్కారంగా చెప్పొద్దు, వెంటనే "అయితే మూడు నెలలు చాలు కదా" అంటారు.

స్విచ్ గురించి ఇప్పుడే మాట ఇవ్వకండి. పాత స్విచ్ సీపీయూ మామూలుగా నడిచేది 1.02 గిగాహెర్ట్జ్ మీద. సివిలైజేషన్ 6 దాని మీద 2018లో వచ్చింది నిజమే, కానీ అది టర్న్ ఆట, ఏఐ ఆలోచించేటప్పుడు మనం ఆగుతాం. మీ ఆటలో అలా ఆగే వీల్లేదు. సిరీస్ ఎస్ మీద చివరి దశ సేవ్ ఫైల్ స్థిరంగా నడిచాక, ఆ అంకెలు చూసి స్విచ్ 2 గురించి మాట్లాడుకోవచ్చు.